టిక్కు పడింది, ఓటు పడలేదు

మొన్న నేపర్‌విల్‌లో మా మేనకోడలి ఇంట్లో ఫంక్షన్‌కి వెళ్లాను. పకోడీల పళ్లేనికి దగ్గరగా కుర్చీ దొరికితే నేను ఎవరి జోలికీ పోను. కానీ ఒక అమ్మాయి, ఏదో పెద్ద కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరట, పక్కన కూర్చుని మర్యాదగా పలకరించింది.

"అంకుల్, మీరు ఏ వీసా మీద వచ్చారు?"

"మా అక్క మీద."

"ఓ, ఫ్యామిలీ బేస్డ్. మరి ఇక్కడ ఏం చేసేవారు?"

"రంధ్రాలు పెట్టేవాణ్ణి."

నవ్వాలో వద్దో తెలియక ఆ పిల్ల ఇబ్బంది పడింది. "నిజమేనమ్మా, ఇనప పలకలకి. ఫ్యాక్టరీలో డ్రిల్ మిషన్ మీద. మధ్యలో నాలుగేళ్లు సిటీ కౌన్సిల్లో మెంబర్‌గా కూడా ఉన్నాను" అన్నాను. అప్పుడు నవ్వేసింది. రంధ్రాలు నమ్మింది గానీ కౌన్సిల్ నమ్మలేదు.

ఆ అమ్మాయి కోసం, ఆ అమ్మాయి వయసు వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను కౌన్సిల్ మెంబర్‌ని ఎలా అయ్యానంటే, ఒకరోజు ఓటెయ్యడం మర్చిపోయి అయ్యాను.

నాది విశాఖపట్నం. ఎనిమిదో తరగతి మధ్యలో బడి నన్ను వదిలేసిందో, నేను బడిని వదిలేశానో, ఆ తగాదా ఇప్పటికీ తేలలేదు. పోర్టు దగ్గర ఒక లేత్ షాపులో పని నేర్చుకున్నాను. మా బావ డాక్టరు. డాక్టర్లు కావాలని అమెరికా పిలిస్తే బావ వచ్చాడు. బావ వచ్చాడని అక్క వచ్చింది. నన్ను ఎవరూ పిలవలేదు. అక్క పిటిషన్ వేసి లాక్కొచ్చింది. డెబ్బైల మధ్యలో షికాగోలో దిగాను.

అప్పట్లో ఆదివారం తెలుగువాళ్లంతా ఎవరో ఒకరింట్లో కలిసేవారు. అందరూ డాక్టర్లు, ఇంజనీర్లు, సైంటిస్టులు. "మీరు ఏ హాస్పిటల్?" అని అడిగేవారు నన్ను. "నేను పేషెంట్ల వైపండీ" అనేవాణ్ణి. బావ మొహం చిన్నబోయేది. అక్క మాత్రం వంటింట్లోంచి కిసుక్కున నవ్వేది.

షికాగోకి పడమరగా ఒక రైలు పట్టాల ఊళ్లో నాకు ఉద్యోగం దొరికింది. ఊరి పేరు చెప్పను. నా మీద కోపం ఉన్నవాళ్లు ఒకరిద్దరు అక్కడ ఇంకా బతికే ఉన్నారు. ట్రాక్టర్లకు భాగాలు చేసే ఫ్యాక్టరీ. ఇంకో సంగతి ముందే చెప్పేస్తాను. అక్కడ నాతో అందరూ మాట్లాడింది ఇంగ్లీషే. నాకు గుర్తుండిపోయింది మాత్రం తెలుగులో. ఎక్కడైనా తేడా వస్తే తప్పు నా చెవులది కాదు, నా నోటిది.

ఆ ఫ్యాక్టరీలో వందలమంది కాఫీ తాగేవారు. టీ తాగేది ఇద్దరమే. ఒకడిని నేను. రెండోవాడు మా యూనియన్ ప్రెసిడెంటు, యాభై దాటిన ఇంగ్లీషాయన. ఉత్తర ఇంగ్లండులో బొగ్గు గనుల ఊరు ఆయనది. తండ్రి గని కార్మికుడు, ఆ ఊరి కౌన్సిల్లో మెంబరు కూడా. ఈయన పద్నాలుగో ఏట బడి మానేసి గనిలో దిగాడు, తర్వాత ఫ్యాక్టరీకి, అక్కణ్ణించి యూనియన్‌కి, తండ్రి తర్వాత ఆయన కూర్చున్న కౌన్సిల్ కుర్చీలోకే. భార్యది అమెరికా. అత్తగారికి ఒంట్లో బాగాలేదంటే నెలరోజులు చూసి వద్దామని వచ్చి పాతికేళ్లు ఉండిపోయాడు. అత్తగారు ఆ పాతికేళ్లూ హాయిగానే ఉన్నారట.

నా ఫ్లాస్కులో అల్లం టీ ఒకరోజు రుచి చూసి దగ్గాడు. "ఇది టీ కాదు బ్రదర్, సమ్మె" అన్నాడు. అలా కలిశాం. యూనియన్‌లో ఒకరినొకరు బ్రదర్ అనుకోవడం ఆచారం. నేను మాత్రం ఆయన్ని "దొర" అని పిలిచేవాణ్ణి. అంటే ఏమిటని అడిగితే "నాయకుడు" అని చెప్పాను.

ఆయనకు మీటింగు నియమాలంటే ప్రాణం. ఎవరేం మాట్లాడాలన్నా ముందు లేచి "అధ్యక్షా" అనాలి, అనుమతి వచ్చాకే నోరు తెరవాలి. భోజనాల బల్ల దగ్గర ఉప్పు కావాలన్నా నేను లేచి నిలబడి "అధ్యక్షా, ఉప్పు విషయమై" అనేవాణ్ణి. ఆయన కోప్పడకుండా "తీర్మానాన్ని బలపరిచేవారెవరు?" అని అడిగేవాడు. ఎవరో ఒకరు బలపరిచేవారు. అప్పుడు ఉప్పు వచ్చేది. నన్ను మా షాపులో స్టీవార్డును చేశాడు. అంటే ఫోర్‌మన్‌తో పేచీ వచ్చిన కార్మికుడి తరఫున మాట్లాడేవాణ్ణి. "నీ నోరు ఎలాగూ ఊరుకోదు, దానికో పని ఇద్దాం" అన్నాడు.

ఒక ఆదివారం అక్క ఆయన్ని భోజనానికి పిలిచింది. పప్పుచారు దాకా బాగానే నడిచింది. అప్పుడాయన, "మీ తమ్ముడు నన్ను దొర అంటాడు. అంటే నాయకుడనేనా?" అని అడిగాడు. మా అక్కకు అబద్ధం రాదు.

"కాదండీ. మా వైపు తెల్ల కలెక్టర్నీ, వందల ఎకరాలున్న ఆసామినీ అలా పిలిచేవారు. వాళ్లొస్తే జనం చెప్పులు విప్పి పక్కకు తప్పుకునేవారు."

ఆయన చెంచా కింద పెట్టేశాడు. "మా నాన్న నలభై ఏళ్లు గనిలో నడుం వంచి నడిచాడు. ఇంటికొచ్చాక కూడా నిటారుగా నిలబడలేకపోయేవాడు. నన్ను ఆ మాటతో పిలవకు."

"మరి ఏమని పిలవను?"

"నేను నిన్నేమని పిలుస్తున్నాను? మీ భాషలో దాన్నేమంటారు?"

అప్పటినుంచి ఆయన నాకు అన్న అయ్యాడు. ఇక్కణ్ణించి నేను అన్న అంటే ఆ ఇంగ్లీషాయనే.

ఇక రైలు. కార్మికుల ఇళ్లన్నీ పట్టాలకు ఇటు, ఫ్యాక్టరీ అటు. గూడ్సు రైళ్లు రోడ్డుకు అడ్డంగా ఆగేవి. ఒక్కోసారి అరగంట కదిలేవి కావు. ఎటు చూసినా కొస కనపడదు. ఏడు గంటలకు షిఫ్టు. ఆలస్యమైతే మార్కు వేస్తారు. మూడు మార్కులైతే సస్పెన్షన్. రైలు ఆగింది కాబట్టి ఆలస్యమైందంటే ఫోర్‌మన్, "ఇంకో పావుగంట ముందు బయల్దేరు" అనేవాడు. రైలు కూడా పావుగంట ముందే వచ్చేదని ఆయనకెవరు చెబుతారు? అందుకని రెండు వ్యాగన్ల మధ్య కొక్కెం మీద కాలేసి అవతలికి దూకేవాళ్లం. అందరం అదే చేసేవాళ్లం.

నా పక్క మిషన్ మీద పనిచేసేవాడు మెక్సికో నుంచి వచ్చినవాడు. మెత్తని మనిషి. నేను పది మాటలంటే ఒకటనేవాడు, ఆ ఒక్కటీ నా పదింటికంటే బాగుండేది. ఒక చలికాలం ఉదయం ఇద్దరం రైలు ముందు ఇరుక్కుపోయాం. షిఫ్టుకి పది నిమిషాలుంది. నేను ముందు దూకేశాను. అతను ఇవతల సంశయిస్తూ నిలబడ్డాడు. అవతలి నుంచి నేనే కేకేశాను: "రా, రైలు నీకోసమే ఆగింది!"

అతను నవ్వాడు. కొక్కెం మీద కాలు పెట్టాడు. రైలు ఒక్క కుదుపు కుదిపింది.

ఎడమ కాలు మోకాలి కింద పోయింది.

నేను వేసిన జోకుల్లో బాగా పేలనివి చాలా ఉన్నాయి. వెనక్కి తీసుకోవాలని ఏడ్చింది అదొక్కటే. అతను మాత్రం ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. ఎత్తితే బాగుండునని నాకుండేది. కోలుకున్నాక కంపెనీ అతన్ని పనిముట్లిచ్చే టూల్ రూమ్‌లో స్టూలు మీద కూర్చోబెట్టింది. డ్రిల్‌కి కొత్త మొన, అదే బిట్, కావాల్సినప్పుడల్లా అతని కిటికీ దగ్గరకే వెళ్లాలి. బిట్లు ఊరికే అరిగిపోయేవి.

పట్టాల మీద నడిచి దాటడానికి ఒక వంతెన కట్టాలని అన్న సంతకాలు పోగుచేసి కౌన్సిల్‌కి తీసుకెళ్లాడు. మా వార్డు మెంబరు టైర్ల కొట్టు యజమాని. వంతెన మెట్లు దిగాలంటే ఆయన కొట్టు ముందు కార్లు ఆపుకునే జాగాలో ఒక మూల పోతుంది. ఆయన లేచి, "రైలు ఆగినప్పుడు మనిషి కూడా ఆగాలి. జనం ఓపిక నేర్చుకోవాలి" అన్నాడు. మా మెక్సికో మిత్రుడు కొత్త చెక్క కాలుతో మొదటి వరసలోనే కూర్చుని ఉన్నాడు. కాగితం పక్కన పెట్టేశారు.

బయటికొచ్చాక అన్న, "ఆ కుర్చీలో ఆయన ఉన్నంతకాలం వంతెన రాదు. నేను నిలబడతాను" అన్నాడు.

అంతకుముందే నేను సిటిజన్‌ని అయ్యాను. ఓటరు కార్డు కొత్తది, పర్సులో పెట్టుకుని తిరిగేవాణ్ణి. నా జీవితంలో అదే మొదటి ఓటు కాబోతోంది. విశాఖలో ఒకసారి వెళ్లాను గానీ, నేను వెళ్లేసరికి నా ఓటు ఎవరో వేసేసి వెళ్లారు.

ఒక శనివారం అన్న కరపత్రం పట్టుకుని మా తలుపు కొట్టాడు. ముందురోజు మధ్యాహ్నమే కలిసి టీ తాగిన మనిషి, ముక్కూ మొహం తెలియనట్టు టోపీ తీసి, "రాబోయే ఎన్నికల్లో తమ ఓటు నాకు వేయవలసిందిగా కోరుతున్నాను" అన్నాడు. పద్ధతి పద్ధతే.

నేను మా ఆవిణ్ణి కేకేశాను. "ఏమే, ఇలా రా, చూడు! మా తాతనడగలేదు, మా నాన్ననడగలేదు, అడక్కుండానే రెండొందల ఏళ్లు కూర్చున్నారు. మొట్టమొదటిసారి ఒక ఇంగ్లీషువాడు మన గుమ్మంలోకి వచ్చి ఓటడుగుతున్నాడు!" తర్వాత ఆయన వైపు తిరిగి, "కొంచెం ఆలోచించుకుని చెబుతానండీ" అన్నాను.

"ఎంతకాలం పడుతుంది?"

"రెండొందల ఏళ్లు."

గుమ్మం పట్టుకుని నవ్వాడు. "పాపం ఆయన్ని నిలబెట్టి ఆ మాటలేంటి" అని మా ఆవిడ నన్ను తిట్టి ఆయన్ని లోపలికి పిలిచింది.

ఈ సంగతి తెలిసి బావ ఫోన్ చేశాడు. "రాజకీయాలు మనకెందుకోయ్? పని చేసుకో, ఇల్లు కొనుక్కో, నోరు మూసుకో."

"మొదటి రెండూ చేస్తాను బావా. మూడోది డాక్టర్లు చెప్పినా నా వల్ల కాదు."

ఎన్నికల రోజు సెలవు పెట్టాను. పోలింగు ఒక చర్చి బేస్‌మెంట్‌లో. ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఏడు వరకు. అన్న రోడ్డవతల, చట్టం ఒప్పుకున్నంత దూరంలో, మడత కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఒళ్లో టీ ఫ్లాస్కు, అట్టకు బిగించిన లిస్టు, పెన్సిలు. మాకు ఓటేస్తామని మాటిచ్చినవాళ్లందరి పేర్లూ ఆ లిస్టులో ఉన్నాయి. ఒక్కొక్కరు ఓటేసి బయటికొస్తుంటే వాళ్ల పేరు పక్కన టిక్కు పెడతాడు. టిక్కు పడనివాళ్ల పేర్లు చీటీల మీద రాసి నా చేతికిస్తాడు. నేను నా పాత స్టేషన్ వ్యాగన్ వేసుకుని వెళ్లి వాళ్లను తీసుకురావాలి. ఈ పద్ధతి వాళ్ల నాన్నదట. ఇంగ్లండులో వాళ్ల ఊళ్లో గుర్రబ్బండి మీద చేసేవారట.

ఆ రోజు ఆ మెట్లు ఎన్నిసార్లు దిగానో చెప్పలేను. మొదట ఒక ముసలాయన్ని చెయ్యి పట్టుకుని దింపాను. తర్వాత రాత్రి షిఫ్టు దిగి నిద్రపోబోతున్న ముగ్గుర్ని లేపి తెచ్చాను. ఒకావిడ కుక్క లేకుండా రానంటే కుక్కనూ ఎక్కించాను. ఆవిడ ఓటేస్తున్నంతసేపూ కుక్కను నేనే పట్టుకున్నాను. లోపల కూర్చున్న ఆడవాళ్లు నాకు కాఫీ పోశారు, డోనట్ పెట్టారు. "మళ్లీ వచ్చావా!" అని నవ్వారు. మధ్యాహ్నం ఒక పెద్దావిడ చెయ్యెత్తి నా కారు ఆపింది. చూస్తే టైర్ల కొట్టాయన అత్తగారు.

"అమ్మా, నిలబడింది మీ అల్లుడు కదండీ. మీరు నా కారెక్కకూడదేమో."

"అల్లుడు కాబట్టే చెబుతున్నాను, తొందరగా పోనీ" అంది.

ఏడు గంటలకు తలుపులు మూశారు. లిస్టులో అన్ని పేర్లకూ టిక్కులు. అన్న కుర్చీ మడిచి నా కారులో పెట్టాడు. "నా జన్మలో ఇంత శుభ్రమైన లిస్టు చూడలేదు" అన్నాడు.

యూనియన్ హాల్లో కూర్చుని ఎదురుచూశాం. చివరికి ఫోన్ వచ్చింది. అన్న విని, రిసీవరు మెల్లగా పెట్టేశాడు.

"సమానం" అన్నాడు. "వాళ్లకెన్నో మనకూ అన్నే."

లిస్టు మడిచి కోటు జేబులో పెట్టుకున్నాడు.

"ఒక్క ఓటు, బ్రదర్స్. మన మనిషి ఎవరో ఒకడు ఇవాళ ఇంట్లో కాళ్లు చాపుకుని కూర్చున్నాడు."

హాలంతా గోలెత్తిపోయింది. ఎవడు, ఎవడు అని. నేనూ బల్ల గుద్ది అరిచాను, "ఎవడా వెధవ?" అని. అరిచి అరిచి గొంతు ఎండిపోతే, మూలనున్న మిషన్లో సోడా కొనుక్కుందామని పర్సు తీశాను. చిల్లరకంటే ముందు ఓటరు కార్డు చేతికి తగిలింది. ఇవాళ ఎవరికీ చూపించని, నలగని కార్డు.

వెధవ ఎవడో తెలిసిపోయింది.

పొద్దున్నించీ ఊరందరినీ ఆ బల్ల ముందుకు తీసుకెళ్లాను. ఆ బల్ల దగ్గర కాఫీ తాగాను. కుక్కను పట్టుకుని నిలబడ్డాను. నా సంగతి మాత్రం నాకు గుర్తు రాలేదు. అన్నం వడ్డిస్తూ వడ్డిస్తూ తాను తినడం మర్చిపోయే పెళ్లివారింటి మేనమామలా అయింది నా పని. ఆ మేనమామకు ఆకలైనా గుర్తుచేస్తుంది. నాకు అదీ లేదు, డోనట్లు తిన్నాను కదా.

ఆ తర్వాత వారం పదిరోజులు నేను జోకు వెయ్యలేదు. మా ఆవిడ నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరమేమోనని చూసింది. ఫోర్‌మన్ కూడా "ఏమైనా కొత్త ఫిర్యాదు వస్తోందా?" అని భయంభయంగా అడిగాడు. ఓట్లు మళ్లీ లెక్కపెట్టారు. మళ్లీ అంతే. సమానమైతే చీటీ తీయాలని చట్టం. సిటీ ఆఫీసులో ఒక గుమాస్తావిడ రెండు పేర్లు రెండు చీటీల మీద రాసి, మడిచి, ఖాళీ బిస్కెట్ల డబ్బాలో వేసి గిలకొట్టింది. కళ్లు మూసుకుని ఒకటి తీసింది. మా మెక్సికో మిత్రుడు నా పక్కనే నిలబడ్డాడు, చెయ్యి నా భుజం మీద ఆన్చి.

టైర్ల కొట్టాయన పేరు వచ్చింది.

అన్న వెళ్లి ఆయనతో చెయ్యి కలిపి అభినందించాడు. నేను కార్ల దగ్గర నిలబడ్డాను. అన్న వచ్చాడు.

"అన్నా, ఒక్క మాట."

"చెప్పు బ్రదర్."

"ఆ ఒక్క ఓటూ నాది."

"నువ్వేసిన ఓటు వృథా కాలేదు, నువ్వలా అనుకోకు..."

"వేసింది కాదన్నా. వెయ్యనిది."

ఆయన నా మొహంలోకి చూశాడు. నేను జోకు వేసేటప్పుడు ఎడమ కనుబొమ్మ లేస్తుందట, అది లేవలేదు. కోటు లోపలి జేబులోంచి మడిచిన లిస్టు తీసి, కారు ముందు పరిచి, కళ్లజోడు పెట్టుకున్నాడు. నా పేరు చివర్న ఉంది. దాని పక్కన ముచ్చటైన టిక్కు.

"తలుపులు తెరవగానే నువ్వు లోపలికి వెళ్లావు. నేను చూశాను."

"వెళ్లాను. ముసలాయన చెయ్యి పట్టుకుని."

"బయటికొచ్చావు."

"వచ్చాను. మీరు చేతిలో చీటీ పెట్టారు."

ఆ టిక్కు మీద వేలు పెట్టాడు. తర్వాత అన్నాడు: "మా నాన్న చెప్పేవాడు. లోపలికి వెళ్లాడని టిక్కు పెట్టకు, బయటికొచ్చాక వేశావా అని అడిగి పెట్టు అని. అందరినీ అడిగాను. నిన్నొక్కణ్ణే అడగలేదు. నిన్నడగడమేమిటి అనుకున్నాను."

పెన్సిలు తీసి, వెనక రబ్బరుతో నా పేరు పక్కన టిక్కు చెరిపేశాడు. కాగితం మీద పొట్టు ఊదేశాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడనుకున్నాను. తీరా చూస్తే నవ్వు.

"రెండొందల ఏళ్ల పగ! ఎంత నిదానంగా తీర్చుకున్నావయ్యా!"

నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాక మొహం గంభీరంగా పెట్టాడు. "శిక్ష మాత్రం ఉంది. ముందు టూల్ రూమ్‌కి వెళ్లి అతనికి చెప్పు. ఆ తర్వాత ప్రతి కౌన్సిల్ మీటింగ్‌కీ వచ్చి నా పక్కన కూర్చో. వచ్చే ఎన్నికల దాకా. నాలుగేళ్లు."

మర్నాడు టూల్ రూమ్ కిటికీ దగ్గర నిలబడి చెప్పాను. మా మిత్రుడు విన్నాడు. నేనడగని డ్రిల్ బిట్ ఒకటి తీసి నా ముందు పెట్టాడు.

"వచ్చేసారి ముందు నువ్వు వెయ్యి. తర్వాత నన్ను తీసుకెళ్లు."

అంతే అన్నాడు. ఆ బిట్ పట్టుకుని మిషన్ దగ్గరకు వచ్చాను. కాసేపు కళ్లు సరిగ్గా కనపడలేదు.

నెలకు రెండు సాయంత్రాలు కౌన్సిల్ హాల్లో అన్న పక్కన కూర్చున్నాను. మురుగు కాలవలు, కుక్కల లైసెన్సులు, మంచు ఎత్తే బళ్లు, చెట్టు కొమ్మలు. మొదట్లో నిద్రొచ్చేది. అన్న మోచేత్తో పొడిచేవాడు. సభ మొదట్లో ఊళ్లోవాళ్లెవరైనా లేచి మూడు నిమిషాలు మాట్లాడవచ్చు. నేను ప్రతిసారీ లేచేవాణ్ణి. "అధ్యక్షా, పోయిన వారం మన రైలుకు ఒంట్లో బాగాలేదు, అరగంట మా వీధిలోనే పడుకుంది. పాలు పట్టడానికి ఎవరైనా వస్తారేమోనని చూశాం" అనేవాణ్ణి. "అధ్యక్షా, నేను రైలెక్కి అవతల దిగాను, టిక్కెట్టు అడగనందుకు రైల్వేవారికి నా కృతజ్ఞతలు" అనేవాణ్ణి. చివర్లో మాత్రం ప్రతిసారీ ఒకే మాట: "వంతెన ఎప్పుడు?" మెల్లగా ఆ మూడు నిమిషాలు వినడానికే జనం రావడం మొదలుపెట్టారు. ఇంట్లో టీవీ చెడిపోయినవాళ్లే అనుకోండి, అయినా వచ్చారు. నవ్వి వెళ్లేవాళ్లు కారు, "అవును, ఎప్పుడు?" అని వాళ్లూ అడిగేవారు. శిక్ష అనుకున్నది బడి అని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. ఎనిమిదో తరగతి తర్వాత నేను కూర్చున్న తరగతి అదే.

నాలుగేళ్లు గడిచేసరికి అన్నకు మోకాళ్లు పోయాయి. "ఈసారి నువ్వు నిలబడు" అన్నాడు.

"నా ఇంగ్లీషు ఎవరికర్థమవుతుందన్నా?"

"పాతికేళ్లుగా నా ఇంగ్లీషు ఎవరికర్థమైంది?"

పోలింగు రోజు తెల్లవారుతూనే మా తలుపు కొట్టాడు. కర్ర పట్టుకుని నన్ను చర్చి మెట్ల దాకా నడిపించాడు. బయటికొచ్చేసరికి పెన్సిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"వేశావా?"

"వేశాను."

"ఎవరికి?"

"అది రహస్యం అధ్యక్షా."

అప్పుడు టిక్కు పెట్టాడు. ఆ తర్వాత వెళ్లి మా మెక్సికో మిత్రుణ్ణి తీసుకొచ్చాను. టైర్ల కొట్టాయన అత్తగారు ఈసారి నా కారు కోసం ఆగకుండా నడిచే వచ్చింది. గెలిచాను. బావ ఫోన్ చేసి, "మా హాస్పిటల్లో అందరికీ చెప్పానోయ్, మా బావమరిది కౌన్సిల్ మెంబరని" అన్నాడు. నోరు మూసుకోమన్న సంగతి ఇద్దరం ఎత్తలేదు.

వంతెన తీర్మానం ఓటుకు రావడానికి ఇంకో ఏడాది పట్టింది. మేం తొమ్మిదిమందిమి. గుమాస్తా పేర్లు అక్షరక్రమంలో పిలుస్తుంది, మా ఇంటిపేరు అందరికంటే చివర. పైగా దాన్ని పలకడానికి ఆవిడకు కాస్త ఊపిరి కావాలి. నా దాకా వచ్చేసరికి నలుగురు అవును, నలుగురు కాదు. మళ్లీ సమానం.

ఆ సందర్భం కోసం నేనొక మంచి జోకు తయారు చేసుకుని, చీటీ మీద రాసి జేబులో పెట్టుకున్నాను. లేచి గొంతు సవరించుకున్నాను. "అధ్యక్షా, ఈ శుభసందర్భంలో..."

"ముందు ఓటెయ్యి!"

వెనక వరస నుంచి ఒక్క అరుపు. హాలంతా తిరిగి చూసింది. అన్న కర్ర పట్టుకుని లేచి నిలబడ్డాడు. మేయరు సుత్తి మోగించి, సభా మర్యాద పాటించమన్నాడు.

"క్షమించాలి అధ్యక్షా" అని అన్న ఎర్రబడ్డ మొహంతో కూర్చున్నాడు. అధ్యక్షుడి అనుమతి లేకుండా ఆయన నోరు విప్పడం ఆ ఒక్కసారే చూశాను.

"అవును" అన్నాను. జోకు జేబులోనే ఉండిపోయింది. ఇప్పుడు తల్చుకుంటే అంత బాగా కూడా లేదు.

వంతెన తెరిచింది పనిరోజునే, షిఫ్టుకు ముందు. మేయరు రిబ్బను కత్తిరించాడు. అన్న అప్పటికి రిటైరయ్యాడు; అయినా ఫ్లాస్కు పట్టుకుని వచ్చి, ఒక్కో మెట్టూ ఆగి ఆగి ఎక్కాడు. జనమంతా వంతెన మధ్యకు వచ్చి పట్టాల మీదకు తొంగి చూస్తూ నిలబడ్డాం. అందరికీ ఒకటే కోరిక: రైలు రావాలి, మా కింద ఆగాలి, మేం దాని మీద నుంచి నడిచి వెళ్లాలి. అన్నేళ్లు అడక్కుండా వచ్చిన రైలు ఆ రోజు రాలేదు.

"సెలవు పెట్టిందేమో" అన్నాను.

"మార్కు వెయ్యండి" అన్నాడు అన్న.

టీ తాగాం. ఈసారి నా ఫ్లాస్కులోది ఆయన అడిగి మరీ తాగాడు, దగ్గకుండా. షిఫ్టుకి పది నిమిషాలుందనగా దూరంగా కూత వినిపించింది. వచ్చింది. మెల్లగా, బద్ధకంగా, వ్యాగన్ వెనక వ్యాగన్, మా కింద నుంచి సాగి సాగి, రోడ్డుకు సరిగ్గా అడ్డంగా ఆగిపోయింది. జనం చప్పట్లు కొట్టారు. రైలుకు చప్పట్లు కొట్టిన ఊరు ఇంకోటి ఉండదు.

నేను మాత్రం కమ్మీ పట్టుకుని కింద ఆ కొక్కెం వైపు చూస్తూ నిలబడిపోయాను. మా మెక్సికో మిత్రుడు అప్పటికే నాలుగడుగులు ముందుకు వెళ్లాడు, చెక్క కాలు వంతెన పలకల మీద టకటకలాడుతూ. అతను వెనక్కి తిరిగాడు. చెయ్యి చాపాడు.

"రా" అన్నాడు, "రైలు మనకోసమే ఆగింది."